సమస్య ‘సాల్వ్’ అవుతుందా, మనం ‘సాల్వ్’ చేయాలా?

ప్రశ్న

నమస్కారం. నేను ఒక సాఫ్ట్‌వేర్ సంస్థలో వినియోగదారుల ఫిర్యాదులకు ఇంగ్లీషులో జవాబులు రాసే ఉద్యోగంలో కొత్తగా చేరాను. చదువంతా తెలుగు మాధ్యమంలో సాగినందువల్ల, ఏ వాక్యమైనా ముందు తెలుగులో అనుకుని తరువాత ఇంగ్లీషులోకి మార్చుకునే అలవాటు నాకు ఇంకా పోలేదు. గత వారం ఒక వినియోగదారుకు రాసిన ఉత్తరంలో ‘సాల్వ్’ అనే క్రియను మూడు చోట్ల వాడాను. మా పైఅధికారి ఆ మూడింటినీ దిద్ది పంపారు కానీ, కారణం వివరించే తీరిక ఆయనకు లేకపోయింది.

మొదటి వాక్యం: ‘వుయ్ హావ్ సాల్వ్‌డ్ యువర్ కంప్లయింట్.’ ఇక్కడ ‘సాల్వ్‌డ్’ కొట్టివేసి ‘రిజాల్వ్‌డ్’ అని రాశారు. రెండవది: ‘ద ప్రాబ్లమ్ సాల్వ్‌డ్ ఎస్టర్‌డే.’ దీనిలో ‘వజ్’ అనే మాట చేర్చి, దాన్ని రెండుసార్లు గీత గీసి చూపించారు. మూడవది: ‘అవర్ టీమ్ సాల్వ్‌డ్ ఇట్ ఫర్ టూ అవర్స్, బట్ ద ఎర్రర్ ఈజ్ స్టిల్ దేర్.’ దీనిని పూర్తిగా మార్చి ‘వర్క్‌డ్ ఆన్ ఇట్’ అని రాశారు.

నిఘంటువులో చూస్తే ‘సాల్వ్’ అంటే పరిష్కరించు అని ఒక్క మాటతో సరిపెట్టారు. ఆ అర్థం ప్రకారం చూస్తే నా మూడు వాక్యాల్లోనూ నాకు తప్పు కనిపించడం లేదు. ఈ క్రియ అసలు అర్థం ఏమిటి, దీని పక్కన ఏ మాటలు నిలుస్తాయి, ఏవి నిలవవు అన్నది తెలిసినవారు వివరించగలరా?

సమాధానం – ఇంగ్లీషు వ్యాకరణం బోధించే సభ్యురాలు

మీ మూడు వాక్యాల్లో మూడవదానిలోని తప్పు అన్నిటికంటే లోతైనది కాబట్టి దానితోనే మొదలుపెడతాను. అది అర్థమైతే మిగిలినవి సగం అర్థమైనట్లే.

‘సాల్వ్’ అనే క్రియలో ముగింపు ఇమిడి ఉంది. జవాబు చేతికి అందేవరకు మీరు ఎంత శ్రమపడినా, ఎన్ని కాగితాలు నింపినా, ఆ శ్రమకు ఇంగ్లీషులో ‘సాల్వ్’ అనే పేరు రాదు. తెలుగులో నడవడానికీ చేరడానికీ మధ్య ఉన్న తేడాను గుర్తు చేసుకోండి. ‘రెండు గంటలు నడిచాను’ అంటాము. ‘రెండు గంటలు చేరాను’ అని ఎవరూ అనరు, ‘రెండు గంటల్లో చేరాను’ అంటారు. ‘నడిచాను కానీ చేరలేదు’ అన్న మాటకు అర్థం ఉంది. ‘చేరాను కానీ చేరలేదు’ అంటే వినేవారు తెల్లబోతారు. ‘సాల్వ్’ చేరడం లాంటి క్రియ, ‘వర్క్ ఆన్’ నడవడం లాంటి క్రియ. మీ వాక్యం చదివిన వినియోగదారుకు ‘మా బృందం రెండు గంటలు చేరింది, కానీ ఇంకా చేరలేదు’ అన్నట్లు వినిపించింది.

ఈ పొరపాటు మనవారికి ఎందుకు వస్తుందో కూడా చెప్పుకోవాలి. మనం ‘ఆ లెక్క చేశాను కానీ జవాబు రాలేదు’ అని నిక్షేపంగా అంటాము, అది మంచి తెలుగే. ఆ వాక్యంలోని ‘చేశాను’ ప్రయత్నానికి సంబంధించినది. దానిని ఇంగ్లీషులోకి తెచ్చేటప్పుడు ‘చేయు’ స్థానంలో ‘సాల్వ్’ కూర్చోబెడుతున్నాము, చిక్కంతా అక్కడే వస్తోంది. కాలాన్ని చెప్పే మాటతో దీన్ని మీకు మీరే పరీక్షించుకోవచ్చు: ‘ఇన్ టూ అవర్స్’ నప్పితే ‘సాల్వ్’ రాయండి, ‘ఫర్ టూ అవర్స్’ అనే మీరు చెప్పదలచుకుంటే ‘వర్క్ ఆన్’ గానీ ‘ట్రై టు సాల్వ్’ గానీ రాయండి. గళ్ల నుడికట్టు ముందు కూర్చున్న మనిషి ‘ఐ యామ్ సాల్వింగ్ ఇట్’ అంటే తప్పు కాదు. ఒక్కో గడి నిండుతూ పోతుంది కాబట్టి అక్కడ ముగింపు వైపు నడక కంటికి కనిపిస్తుంది. కారణమే తెలియని లోపం గురించి అదే మాట రాస్తే మాత్రం, జవాబు ఇప్పటికే మీ చేతిలో ఉందన్న ఆశ అవతలివారికి కలుగుతుంది.

ఇక రెండవ వాక్యం. తెలుగులో ‘తీరు–తీర్చు’, ‘మారు–మార్చు’, ‘ఆగు–ఆపు’ అని క్రియలు జంటలుగా ఉంటాయి. మొదటిది దానంతట అది జరిగేది, రెండవది ఒకరు జరిపించేది. ఇంగ్లీషులో చాలాచోట్ల ఈ రెండు పనులకూ ఒకే రూపం సరిపోతుంది. ‘స్టాప్’ అంటే ఆగడమూ అవుతుంది, ఆపడమూ అవుతుంది. ‘చేంజ్’, ‘ఓపెన్’, ‘బ్రేక్’ కూడా ఇంతే. వీటిని చూసి చూసి, ‘సాల్వ్’ కూడా ‘తీరు’, ‘తీర్చు’ రెండింటికీ చెల్లుతుందని అనుకుంటాము. కానీ ‘సాల్వ్’కు ‘తీర్చు’ అనే సకర్మక రూపం ఒక్కటే ఉంది. తలుపు గాలికి తెరుచుకోవచ్చు కానీ, చిక్కు ప్రశ్న గాలికి విడిపోదు. దాని వెనుక ఆలోచించే బుద్ధి ఒకటి ఉండాలని ఈ క్రియ పట్టుబడుతుంది. అందుకే సమస్యను కర్తగా నిలబెట్టినప్పుడు ‘వజ్ సాల్వ్‌డ్’ అని కర్మణి ప్రయోగంలో రాయాలి. సమస్య నిజంగానే దానంతట అది తీరిపోతే, ‘ద ప్రాబ్లమ్ సాల్వ్‌డ్ ఇట్‌సెల్ఫ్’ అని ‘ఇట్‌సెల్ఫ్’ చేర్చి రాస్తారు; అప్పుడు కూడా సమస్యే తనను తాను తీర్చుకున్నట్లు ఒక కర్తనూ ఒక కర్మనూ చూపించక తప్పదు.

మీరు ‘ప్రాబ్లమ్ సాల్వ్‌డ్!’ అనే మాటను తరచుగా విని ఉంటారు. అది పూర్తి వాక్యం కాదు, ‘ద ప్రాబ్లమ్ ఈజ్ సాల్వ్‌డ్’ అనేదానికి క్లుప్త రూపం. దానిలోని ‘సాల్వ్‌డ్’ను భూతకాల క్రియగా పొరబడి, దానికి ‘ఎస్టర్‌డే’ తగిలించడం వల్లనే మీ రెండవ వాక్యం పుట్టిందని నేను అనుకుంటున్నాను.

ప్రశ్న అడిగిన సభ్యుడు

ధన్యవాదాలండీ. నేను పొరబడింది సరిగ్గా అక్కడే. చేరడం, నడవడం అన్న పోలికతో మూడవ వాక్యం సంగతి నా మనసులో నాటుకుపోయింది. అయితే మొదటి వాక్యం ఇంకా మిగిలే ఉంది. ఫిర్యాదుకు ‘సాల్వ్’ ఎందుకు పనికిరాదు? ‘రిజాల్వ్’ దానికంటే గౌరవమైన మాట కావడమే కారణమా?

సమాధానం – సాంకేతిక సహాయ విభాగంలో పనిచేసే సభ్యుడు

గౌరవానికీ దీనికీ సంబంధం లేదు. మీరు చేసే పనే నేనూ చాలా కాలంగా చేస్తున్నాను కాబట్టి, నా బల్ల మీదికి వచ్చిన ఒక వ్యవహారాన్ని మొదటి నుంచి చివరి వరకు చెబుతాను. ఏ దశలో ఏ క్రియ వాడతామో దానిలోనే కనిపిస్తుంది.

ఒక వినియోగదారు తన నివేదికలు భద్రం కావడం లేదని రాశారు. ప్రతి నెలా మొదటి రోజుల్లో అంతా సవ్యంగా ఉంటుందని, నెల మధ్యకు వచ్చేసరికి లోపం మొదలవుతుందని, మళ్లీ కొత్త నెల రాగానే బాగుపడుతుందని ఆమె చెప్పారు. మేము ఒక్కో భాగాన్నీ విడిగా పరీక్షిస్తూ, లోపం ఎక్కడ లేదో తేల్చుకుంటూ వచ్చాము. ఈ పనికి ‘ట్రబుల్‌షూట్’ అని పేరు. 20వ శతాబ్దం మొదట్లో టెలిగ్రాఫ్, టెలిఫోన్ తీగల వెంబడి తిరిగి లోపం ఎక్కడుందో వెతికి సరిచేసేవారిని ‘ట్రబుల్‌షూటర్’ అనేవారు, క్రియ ఆ మాట నుంచే వచ్చింది. ఈ క్రియ వెతుకులాటను చెబుతుందే తప్ప లోపం దొరికిందని హామీ ఇవ్వదు.

రెండవ రోజున మాలో ఒకరు తేదీలను ఒక కాగితం మీద వరుసగా రాసి చూశారు. లోపం ప్రతిసారీ 13వ తేదీనే మొదలవుతోంది, 12వ తేదీ వరకు ఎన్నడూ రాలేదు. ఆమె కంప్యూటరు రోజును ముందు, నెలను తరువాత రాస్తుంటే, మా ప్రోగ్రాము నెల ముందు ఉంటుందన్న లెక్కతో చదువుతోంది. 12 వరకు ఏ అంకె వచ్చినా నెలగా చెల్లిపోయింది, 13 రాగానే అలాంటి నెల లేదని ప్రోగ్రాము చేతులెత్తేసింది. ఈ సంగతి తెలిసిన క్షణానికి ‘వుయ్ ఫిగర్డ్ ఇట్ అవుట్’ అంటాము, ‘వుయ్ సాల్వ్‌డ్ ద మిస్టరీ’ అని కూడా అనవచ్చు. దాగిన కారణం బయటపడింది కాబట్టి ‘సాల్వ్’ అక్కడ చక్కగా అమరుతుంది. అయినా ఆమె నివేదికలు ఇంకా భద్రం కావడం లేదు! ఆ రోజుకు తేదీ పెట్టే పద్ధతిని ఆమె కంప్యూటరులో మార్చుకోమని చెప్పాము. అది ‘వర్కరౌండ్’, అంటే పక్కదారి. దానిని ‘సాల్వ్’ అని రాస్తే అబద్ధం చెప్పినట్లే. తరువాత ప్రోగ్రామును సవరించాము, అది ‘ఫిక్స్’.

ఇప్పుడు మీ ప్రశ్నకు వస్తాను. సవరణ పూర్తయ్యాక కూడా ఆమె ఫిర్యాదు తీరలేదు. పదమూడవ తేదీ తరువాత రాసి పోగొట్టుకున్న నివేదికల సంగతి ఏమిటని ఆమె అడిగారు, ఆ ప్రశ్న న్యాయమైనది. తాత్కాలికంగా దాచి ఉంచిన ప్రతుల నుంచి కొన్నింటిని వెలికితీసి ఇచ్చి, దొరకనివాటికి క్షమాపణ చెప్పి, ఆమె సరేనన్న తరువాతే ‘రిజాల్వ్‌డ్’ అని రాశాము. సమస్య యంత్రంలో ఉంటుంది, ఫిర్యాదు మనిషి మనసులో ఉంటుంది. జవాబు కనుక్కుంటే సమస్య ‘సాల్వ్’ అవుతుంది. ఫిర్యాదు, తగాదా, అభిప్రాయభేదం లాంటివాటికి కనుక్కోవలసిన జవాబు అంటూ ఒకటి ఉండదు, అవి ఇరుపక్షాల అంగీకారంతో ఒక కొలిక్కి రావాలి. ఆ కొలిక్కి తేవడమే ‘రిజాల్వ్’. తగాదాలకు ‘సెటిల్’ కూడా వాడతారు.

‘ఇష్యూ’ అనే మాట సరిహద్దు మీద ఉంది. ‘సాల్వ్ ద ఇష్యూ’ అని రాసేవారు చాలామంది ఉన్నారు, దానిని తప్పు అని నేను అనను. నా మటుకు నేను ‘రిజాల్వ్ ద ఇష్యూ’ అనే రాస్తాను. ఇంకొక మాట: ఇంకా పూర్తికాని పని గురించి రాసేటప్పుడు ‘అడ్రెస్’ అనే క్రియ మీ ముందుకు వస్తుంది. విషయాన్ని పట్టించుకుని చేయి వేశామని మాత్రమే దాని అర్థం, తీర్చామని కాదు. తీరిందన్న భ్రమ కలిగించడానికి దానిని వాడే ఉత్తరాలను నేను ఎన్నో చూశాను, దయచేసి మీరు అలా వాడకండి.

సమాధానం – గణితం చెప్పే ఉపాధ్యాయుడు

గణితంలో ఈ క్రియకు ఉన్నంత కచ్చితమైన అర్థం మరెక్కడా లేదు కాబట్టి ఆ వైపు నుంచి కొంత చెబుతాను. మన తెలుగు పాఠ్యపుస్తకాల్లో ‘సాల్వ్’ అంటే ‘సాధించండి’, ‘సొల్యూషన్’ అంటే ‘సాధన’. అదే అభ్యాసంలో ‘సూక్ష్మీకరించండి’, ‘నిరూపించండి’, ‘విలువ కనుగొనండి’ అని వేరువేరు ఆదేశాలు ఉంటాయి. పిల్లలు వీటన్నిటినీ కలిపి ‘లెక్క చేయడం’ అనే ఒకే మూటలో కట్టేస్తారు. కానీ వీటిలో ఏ ఒక్కటీ ఇంకొకదానికి బదులు రాదు.

ఒక సంఖ్యను దానితోనే గుణిస్తే 9 వచ్చింది, ఆ సంఖ్య ఏది? ఇది సమీకరణంగా ఇచ్చి ‘సాల్వ్’ అంటే చాలామంది విద్యార్థులు 3 అని రాసి కలం మూసేస్తారు. వారు ఒక సాధనను కనుక్కున్నారు, నిజమే. కానీ సమీకరణాన్ని ‘సాల్వ్’ చేయలేదు, ఎందుకంటే మైనస్ 3 కూడా ఆ షరతును తీరుస్తుంది. గణితంలో ‘సాల్వ్’ అంటే షరతును తృప్తిపరిచే విలువలన్నిటినీ కనుక్కోవడం, ఇక మరొకటి లేదని తేల్చడం. ఏ విలువా లేకపోతే, లేదని చూపించడం కూడా ‘సాల్వ్’ చేసినట్లే. ఒక సంఖ్య తనకంటే ఒకటి ఎక్కువైన సంఖ్యకు సమానమని రాసి ఇస్తే, ‘సాధన లేదు’ అన్నదే దానికి సంపూర్ణమైన జవాబు.

‘సాల్వ్ ఫర్ ఎక్స్’ అన్నప్పుడు ఆ ‘ఫర్’కు ‘కోసం’ అని అర్థం చెప్పుకుని తికమకపడేవారు ఉన్నారు. సమీకరణంలో నాలుగు అక్షరాలు ఉన్నప్పుడు, వాటిలో ఎక్స్‌ను ఒక వైపున ఒంటరిగా నిలబెట్టి, దాని విలువను మిగిలినవాటిలో చెప్పమని దాని భావం. ‘ఎక్స్‌ను కనుగొనేలా సాధించండి’ అని చదువుకుంటే గందరగోళం ఉండదు.

సిద్ధాంతాలకు ‘సాల్వ్’ వాడరు, ‘ప్రూవ్’ వాడతారు. పియరీ ద ఫెర్మా 1637 ప్రాంతంలో ఒక పుస్తకం అంచున రాసుకున్న సిద్ధాంతానికి ఆండ్రూ వైల్స్ ఇచ్చిన నిరూపణ 1995లో అచ్చయింది. ఆ సిద్ధాంతాన్ని ఆయన ‘ప్రూవ్’ చేశారు అంటారు. మూడు శతాబ్దాలకు పైగా నిలిచిన సమస్య అనే కోణంలో మాట్లాడితే ‘సాల్వ్’ చేశారనీ అనవచ్చు. వాక్యంలో కర్మగా మీరు సిద్ధాంతాన్ని పెట్టారా, సమస్యను పెట్టారా అన్నదే క్రియను నిర్ణయిస్తుంది.

‘అన్‌సాల్వ్‌డ్’, ‘అన్‌సాల్వబుల్’ అనే రెండు మాటలను కూడా విడదీసి చూడాలి. మొదటిదానికి ఇంతవరకు తేలనిది అని అర్థం, రెండవదానికి తేలడమే సాధ్యం కానిది అని అర్థం. అయిదవ ఘాతపు సమీకరణాలన్నిటికీ కూడికలు, తీసివేతలు, గుణకారాలు, భాగహారాలు, వర్గమూలం లాంటి మూలాలతో ఒకే సాధారణ సూత్రం ఇవ్వడం శతాబ్దాల పాటు ‘అన్‌సాల్వ్‌డ్’గా ఉండేది. 1824లో నిల్స్ హెన్రిక్ ఏబెల్ అటువంటి సూత్రం ఉండడం అసాధ్యమని నిరూపించాక అది ‘అన్‌సాల్వబుల్’ అయింది. అంటే ఆ సమీకరణాలకు సాధనలు లేవని కాదు, ఆ దారిలో వాటన్నిటినీ రాబట్టే సూత్రం లేదని. మీ వినియోగదారుకు ఉత్తరం రాసేటప్పుడు ఈ రెండింటిలో ఏది రాస్తున్నారో ఒకటికి రెండుసార్లు చూసుకోండి. ‘అన్‌సాల్వబుల్’ అని రాస్తే ఇక ఆశ వదులుకోమని చెప్పినట్లు అవుతుంది.

సమాధానం – అనువాదకురాలు

ఉపాధ్యాయులవారు చెప్పిన ‘సాధించు’ గణితం దాటి బయటికి వస్తే ఇబ్బంది పెడుతుందని మనవి చేస్తున్నాను. బయట ‘సాధించాడు’ అంటే అనుకున్నది నెరవేర్చుకున్నాడని అర్థం, అది ఇంగ్లీషులో ‘అచీవ్’. మరీ ఇళ్లలో మాటల్లో అయితే ‘నన్ను సాధిస్తున్నాడు’ అంటే వేధిస్తున్నాడని అర్థం. కాబట్టి నేరాన్ని ‘సాల్వ్’ చేశారు అన్నచోట ‘సాధించారు’ అని రాస్తే పాఠకుడు తికమకపడతాడు. అక్కడ ‘ఛేదించారు’ అనాలి. రహస్యానికి కూడా ఛేదించడమే నప్పుతుంది. పొడుపు కథకు మాత్రం ‘విప్పండి’ అనే మాటే అందంగా ఉంటుంది, ఆ ‘విప్పండి’ గురించే నేను కాస్త ఎక్కువగా చెప్పదలచుకున్నాను.

‘సాల్వ్’ లాటిన్‌లోని ‘సోల్వెరె’ నుంచి వచ్చింది. దాని అర్థం వదులు చేయడం, ముడి విప్పడం, బంధం నుంచి విడిపించడం. ఇంగ్లీషులోకి వచ్చిన తొలి రోజుల్లో కూడా దానికి వదులు చేయడం అనే అర్థమే ఉండేది. ప్రశ్నకు జవాబు కనుక్కోవడం, విషయాన్ని విడమరచి చెప్పడం అనే అర్థం 16వ శతాబ్దం నాటికి స్థిరపడింది. మనం చిక్కుముడి విప్పినట్లే వారూ విప్పారన్నమాట. గట్టిగా ఉన్నదాన్ని వదులు చేయడమే మూలభావం కాబట్టి, నీటిలో ఉప్పు విడివడి కలిసిపోవడానికి ‘డిజాల్వ్’ అనే మాట వచ్చింది. అలా కలిసిన ద్రవానికీ, సమస్యకు దొరికిన జవాబుకూ ఇంగ్లీషులో ‘సొల్యూషన్’ అనే ఒకే పేరు ఉంది. ఒకసారి యంత్రం చేసిన అనువాదాన్ని సరిచూసే పని నాకు వచ్చింది. ఒక వ్యాపార పత్రంలో ‘మేము మీకు సంపూర్ణ ద్రావణాలను అందిస్తాము’ అని రాసి ఉంది. రసాయనాల ఊసే లేని పత్రం అది! ఇంగ్లీషులో ఒకటిగా ఉన్నది తెలుగులో ద్రావణం, సాధన, పరిష్కారం అని మూడుగా విడిపోయిందని యంత్రం గమనించలేదు. ఆ పత్రంలో ఆ మాట పందొమ్మిది చోట్ల ఉంది, అన్నింటినీ చేత్తో మార్చవలసి వచ్చింది.

‘సోల్వెరె’కు ఇంకొక అర్థం ఉంది, అది నాకు అన్నిటికంటే ఇష్టమైనది: అప్పు తీర్చడం. అప్పు కూడా ఒక కట్టు, దానిని విప్పుకుని బయటపడడమే చెల్లింపు. అందుకే అప్పులన్నీ తీర్చగల స్థితిలో ఉన్నవారిని నేటికీ ఇంగ్లీషులో ‘సాల్వెంట్’ అంటారు, తీర్చలేని స్థితిని ‘ఇన్‌సాల్వెన్సీ’ అంటారు, దానికి మన మాట దివాలా. ఇప్పుడు మన ‘తీర్చు’ను ఒకసారి చూడండి. అప్పు తీరుస్తాము, సమస్య తీరుస్తాము, సందేహం తీరుస్తాము, తగువు తీరుస్తాము, ఆ తగువు తీర్చే మాటకు తీర్పు అని పేరు పెట్టుకున్నాము. లాటిన్ క్రియతో ఏ చుట్టరికమూ లేని మన క్రియ, రుణాన్నీ సమస్యనూ ఒకే మాటతో పట్టుకుంది. నిఘంటువులు ‘పరిష్కరించు’ దగ్గరే ఆగిపోవడం నాకు బాధ కలిగిస్తుంది, ఎందుకంటే ‘పరిష్కరించు’కు సంస్కృతంలో మూలార్థం శుభ్రపరచడం, మెరుగుపెట్టడం, పాత గ్రంథాల పాఠాన్ని సరిచేసేవారిని మనం నేటికీ ‘పరిష్కర్త’ అనే అంటున్నాము. ముడి విప్పడమనే భావం దానిలో లేదు.

అయితే ‘తీర్చు’ ఎన్ని మాటలతో కలుస్తుందో ‘సాల్వ్’ కూడా అన్నింటితో కలుస్తుందని మాత్రం అనుకోకండి. ఇక్కడే మనవారికి తప్పులు దొర్లుతాయి. సందేహం తీర్చడాన్ని ‘సాల్వ్ ఎ డౌట్’ అనకూడదు, ‘క్లియర్ అప్ ఎ డౌట్’ అనాలి. అవసరం తీర్చడం ‘మీట్ ఎ నీడ్’, అప్పు తీర్చడం ‘పే ఆఫ్ ఎ డెట్’. ప్రశ్నకు జవాబు చెప్పడం ‘ఆన్సర్’. పరీక్షలో ‘క్వశ్చన్ సాల్వ్ చేశాను’ అన్న మాట మన దేశపు ఇంగ్లీషులో చెలామణిలో ఉన్నా, బయటివారికి రాసేటప్పుడు మానుకోవడం మంచిది.

సమాధానం – ఇంగ్లీషు వ్యాకరణం బోధించే సభ్యురాలు

అనువాదకురాలు ‘డిజాల్వ్’ ప్రస్తావన తెచ్చారు కాబట్టి, నేను పైన వదిలేసిన ఒక విషయాన్ని చేరుస్తున్నాను. ఒకే కుటుంబంలో పుట్టిన ‘సాల్వ్’, ‘డిజాల్వ్’, ‘రిజాల్వ్’ మూడింటిలో ‘సాల్వ్’ ఒక్కటే దానంతట అది జరగడానికి ఒప్పుకోదు. ‘డిజాల్వ్’ ఒప్పుకుంటుంది, ఉప్పు దానంతట అదే కరుగుతుంది. ‘రిజాల్వ్’ కూడా ఒప్పుకుంటుంది: వైద్యులు రాసే ఇంగ్లీషులో ‘ద రాష్ రిజాల్వ్‌డ్ ఇన్ ఎ వీక్’ అని, అంటే దద్దురు వారంలో తగ్గిపోయిందని, ఏ ‘వజ్’ లేకుండానే కనిపిస్తుంది. అందుచేత అటువంటి వాక్యం చదివి, అదే పద్ధతిని ‘సాల్వ్’కు అన్వయించకండి.

‘రిజాల్వ్’ విషయంలో ఇంకొక జాగ్రత్త కూడా అవసరం. దాని తరువాత ‘టు’ వచ్చి క్రియ వస్తే అది గట్టిగా నిశ్చయించుకోవడం అవుతుంది. ‘వుయ్ రిజాల్వ్‌డ్ టు చెక్ ద ఫైల్’ అంటే ఫైలును చూడాలని తీర్మానించుకున్నామని అర్థం, చూసి సరిచేశామని కాదు.

ప్రశ్న అడిగిన సభ్యుడు

అందరికీ నా కృతజ్ఞతలు. 13వ తేదీ ఉదంతాన్ని మా బృందంలో చదివి వినిపించాను. మా దగ్గర కూడా ఇటువంటిదే ఒకటి నడుస్తోందని ఒకరు వెంటనే గుర్తించారు. ఇంతకాలం మేము ‘సాల్వ్‌డ్’ అని గుర్తు పెట్టినవాటిలో చాలా భాగం పక్కదారులేనని ఇప్పుడు తెలుస్తోంది, వాటిని ఒక్కొక్కటిగా మళ్లీ తెరుస్తున్నాము.

నా ఉత్తరాన్ని ఇలా తిరగరాశాను, ఒకసారి చూడగలరు. ‘అవర్ టీమ్ వర్క్‌డ్ ఆన్ ద ఎర్రర్ ఫర్ టూ అవర్స్ ఆన్ మండే. వుయ్ ఫౌండ్ ద కాజ్ ఆన్ ట్యూజ్‌డే, అండ్ ద ప్రాబ్లమ్ వజ్ సాల్వ్‌డ్ ద సేమ్ డే. ప్లీజ్ లెట్ అస్ నో వెదర్ దిస్ రిజాల్వ్స్ యువర్ కంప్లయింట్. ద సొల్యూషన్ ఆఫ్ యువర్ ప్రాబ్లమ్ ఈజ్ ఎక్స్‌ప్లెయిన్డ్ బిలో.’

సమాధానం – సాంకేతిక సహాయ విభాగంలో పనిచేసే సభ్యుడు

మొదటి మూడు వాక్యాలూ బాగున్నాయి. ఫిర్యాదు తీరిందో లేదో మీరు ప్రకటించకుండా అవతలివారినే అడగడం నాకు మరీ నచ్చింది. చివరి వాక్యంలో ‘ఆఫ్’ తీసి ‘టు’ పెట్టండి: ‘ద సొల్యూషన్ టు యువర్ ప్రాబ్లమ్.’ సమీకరణం విషయంలో ‘సొల్యూషన్ ఆఫ్’ అని గణితంలో రాస్తారు కానీ, మామూలు సమస్యకు ‘టు’ రాయాలి. తెలుగులో మనం ‘సమస్య యొక్క పరిష్కారం’ అనకుండా ‘సమస్యకు పరిష్కారం’ అంటాము కదా. ఆ ‘కు’ స్థానంలోనే ‘టు’ వస్తుందని గుర్తుంచుకుంటే, ‘ఆన్సర్ టు’, ‘కీ టు’ అనే మాటలు కూడా దానితోనే గుర్తుంటాయి. ఆ ఒక్క మార్పు చేసి ఉత్తరం పంపించేయండి.